దానగుణం రక్తంలో ఉంటుందా? జమీందారీ వారసుల చదువు, దానాలు: అపోహలు – వాస్తవాలు

అంబత్తూరు, కొరట్టూరు, విల్లివాక్కం వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో పాత మద్రాసు ప్రస్తావన వస్తే పిఠాపురం రాజా, వెంకటగిరి రాజా, బొబ్బిలి రాజా పేర్లు తప్పకుండా వస్తాయి. ఆసుపత్రి కట్టించారని, కాలేజీ నిలబెట్టారని, నిఘంటువు రాయించారని చెప్పుకుంటారు. ఆ మాటల్లో నిజముంది, కృతజ్ఞతా ఉంది. అయితే ఆ కృతజ్ఞత వెంట కొన్ని నమ్మకాలు కూడా వచ్చి చేరాయి. రాజవంశంలో పుట్టినవాళ్లకు దానగుణం పుట్టుకతోనే వస్తుందని ఒకటి. వాళ్ల బాల్యమంతా కోటలో అల్లారుముద్దుగా గడిచిందని ఇంకొకటి. దొరల దగ్గర చదువుకోబట్టే వాళ్లకు ఉదారబుద్ధి అబ్బిందని మూడోది. ఇచ్చింది తమ సొంత సొమ్మేనన్నది అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయింది. బెల్జియం యువరాణి ఎలిజబెత్, స్పెయిన్ యువరాణి లియొనోర్ చదువుల గురించి, సేవా కార్యక్రమాల గురించి వచ్చే వార్తలను కూడా మనవాళ్లు ఇదే చూపుతో చదువుతారు. ఒక వారసుడు ప్రజలకు మేలు చేసేవాడుగా తయారయ్యాడంటే అతని పుట్టుక కంటే అతన్ని పెంచిన ఏర్పాటు, చేయి పట్టి నడిపిన గురువు, ఖర్చుకు డబ్బు సమకూర్చిన జనం ముఖ్యమని నా వాదన. దీనికి మద్రాసు ప్రెసిడెన్సీ చరిత్రలోనే కావలసినంత సాక్ష్యముంది.

ముందు రక్తం సంగతి చూద్దాం. దాతగా మనం ఎక్కువగా తలుచుకునే పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు 1885లో పుట్టారు. అప్పటికే తండ్రి గంగాధర రామారావు వెంకటగిరి కుటుంబం నుంచి ఒక బాలుణ్ణి దత్తత తీసుకుని ఉన్నారు. 1890లో తండ్రి పోయేనాటికి ఈ పిల్లవాడికి అయిదేళ్లు. జమీ సూర్యారావుకు చెందాలని తండ్రి వీలునామా రాశారు. దత్తపుత్రుడు కోర్టుకెక్కారు, పిల్లవాడి పుట్టుకనే ప్రశ్నించారు. వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1899లో తేలింది. విభజనకు వీల్లేని జమీందారీని సైతం యజమాని వీలునామా ద్వారా తనకు నచ్చినవారికి ఇవ్వవచ్చునన్న సూత్రం మీద సూర్యారావు గెలిచారు. అంటే ఆయన్ను గద్దె మీద నిలబెట్టింది తండ్రి రాసిన కాగితం, దాన్ని న్యాయమూర్తులు అర్థం చేసుకున్న తీరు. ఈ తీర్పు మిగతా జమీందారీ కుటుంబాల్లో ఎంత కలవరం రేపిందంటే, జమీలు ఇష్టానుసారం చేతులు మారకుండా మద్రాసు ప్రభుత్వం 1904లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. వంశం వల్లే ఔదార్యం వస్తుందనేవారు ఈ కేసును ఒకసారి తలుచుకోవాలి. ఒకే ఇంట్లో కొడుకులుగా పెరగవలసిన ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి నడిచిన ఆస్తి తగాదా అది. ఆ పిల్లవాడి బాల్యం దాని నీడలోనే గడిచింది.

కోటలో ముద్దుమురిపాల బాల్యం అన్న రెండో నమ్మకం కూడా ఇక్కడే వీగిపోతుంది. తండ్రి పోయి వారసుడు మైనరైతే జమీ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అజమాయిషీలోకి వెళ్లేది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1804 నాటి రెగ్యులేషన్ నుంచే ఈ ఏర్పాటుంది. రెవెన్యూ బోర్డే ఆ కోర్టు. మామూలు పిల్లలకు 18 ఏళ్లకు మైనారిటీ తీరితే, 1875 చట్టం ప్రకారం ఈ పిల్లలకు 21 ఏళ్లు నిండాలి. అప్పటిదాకా జమీని మేనేజరు చూసుకుంటాడు. పిల్లవాడి చదువుకు ఎంత, నౌకర్లకు ఎంత, పెళ్లికి ఎంత అన్నది పైవాళ్లు మంజూరు చేయాలి. తల్లి అంతఃపురంలో ఉన్నా కొడుకు ఎక్కడ చదవాలన్నది నిర్ణయించే అధికారం ఆమెది కాదు. మద్రాసు తేనాంపేటలోని న్యూయింగ్టన్ భవనంలో ఇలాంటి మైనరు జమీందార్ల కోసమే ఒక విద్యాలయం నడిచింది. పిఠాపురం సూర్యారావు అక్కడ చదివారు. పర్లాకిమిడి వారసుడు కృష్ణచంద్ర గజపతి కూడా అక్కడే చదివి, 1913లో 21 ఏళ్లు నిండాక జమీ పగ్గాలు అందుకున్నారు, 1937లో ఒరిస్సా తొలి ప్రధానమంత్రి అయ్యారు. సౌకర్యాలకు లోటు లేదన్నది నిజమే. తిండికి, గుర్రాలకు, గురువులకు డబ్బు వాళ్ల ఎస్టేట్ల నుంచే వచ్చేది. కానీ చిన్నతనంలోనే తల్లికి దూరమై, తన సంస్థానం లెక్కలు తాను అడగలేని స్థితిలో, ఊరుకాని ఊళ్లో పెరిగిన పిల్లవాణ్ణి అల్లారుముద్దుగా పెరిగాడనడం సరికాదు. వీళ్లు స్వతంత్ర రాజులనుకోవడం కూడా పొరపాటే. మద్రాసు ప్రెసిడెన్సీ పరిధిలో సంస్థానాధీశులు అనదగ్గవాళ్లు తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, బనగానపల్లె, సండూరు పాలకులు మాత్రమే. మిగతా రాజాలు ప్రభుత్వానికి ఏటా పేష్కష్ కట్టే జమీందార్లు.

మరి న్యూయింగ్టన్ చదువే వాళ్లను దాతలుగా మార్చిందా? ఈ నమ్మకానికి గట్టి ఎదురుదెబ్బ 1919 అక్టోబరులో తగిలింది. ఆ విద్యాలయం ప్రిన్సిపాలు క్లెమెంట్ డెలాహే రాత్రివేళ నిద్రలో ఉండగా తుపాకి గుండుకు బలయ్యారు. అనుమానం అక్కడ చదివే జమీందారీ కుర్రాళ్ల మీద పడింది. తిరునెల్వేలి ప్రాంతపు సింగంపట్టి మైనరు నిందితుడయ్యాడు. మద్రాసును కుదిపేసిన ఆ కేసు బొంబాయి హైకోర్టుకు బదిలీ అయింది. అక్కడ అతను నిర్దోషిగా బయటపడ్డాడు. ఈ కేసు ఖర్చుల కోసమే సింగంపట్టి జమీ మాంజోలై అడవుల్ని తేయాకు కంపెనీకి ఇచ్చేసిందని తమిళనాట ఇప్పటికీ చెప్పుకుంటారు. బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌కు 99 ఏళ్ల కౌలు రాసింది 1929లో. కేసుకూ కౌలుకూ మధ్య దాదాపు పదేళ్ల ఎడముంది. అప్పులు ఒక కారణమై ఉండవచ్చు, అంతటినీ ఆ ఒక్క కేసుకే ముడిపెట్టడం కథకు అనువుగా ఉంటుందే తప్ప చరిత్రకు నిలవదు. నా వాదనకు కావలసింది వేరే. ఆ కప్పు కింద చదివినవాళ్లలో అనాథాశ్రమం పెట్టినవారున్నారు, రాష్ట్రం కోసం ఉద్యమించినవారున్నారు, హత్యానేరం మోపబడి కోర్టు బోనులో నిలబడ్డవారూ ఉన్నారు. ఒకే బడి ఇంత భిన్నమైన ఫలితాలిచ్చినప్పుడు మంచినంతా బడి ఖాతాలో వేయలేం.

సూర్యారావు విషయంలో తేడా ఎక్కడుందో వెతికితే రఘుపతి వెంకటరత్నం నాయుడు కనిపిస్తారు. 1862లో పుట్టి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెప్పి, మచిలీపట్నం, సికింద్రాబాదుల మీదుగా కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన మనిషి. 1919 దాకా అక్కడే ఉన్నారు, తర్వాత 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. బ్రహ్మసమాజం, దళిత విద్యార్థుల చదువు, ఆడపిల్లల చదువు, భోగం మేళాల వ్యతిరేకత ఆయన నమ్మి ఆచరించిన విషయాలు. యువరాజా మైనారిటీ తీరి జమీ చేతికందుకున్న కాలంలోనే ఈయన కాకినాడలో ఉండటం మన అదృష్టం. రాజా ఆయన్ను గురువుగా భావించారు, బ్రహ్మసమాజ మార్గం పట్టారు. కాకినాడలో అనాథ శరణాలయం, బ్రహ్మమందిరం, కళాశాలకు అందిన అండ ఆ బాటలో వచ్చినవే. దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటివారు ఆ కళాశాలలో ఆ గురువు ప్రభావంలోనే ఎదిగారంటే, ఒక అధ్యాపకుడి విలువ రాజకుమారులకు మాత్రమే పరిమితం కాదని తెలుస్తుంది. రఘుపతి కూడా ఇంగ్లీషు చదువు చదివినవారే కదా, అప్పుడు మంచి ఇంగ్లీషు చదువు వల్ల వచ్చినట్టే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ చదువుకు పాత్ర ఉందన్నది కాదనలేను. అయితే జమీందారీ పిల్లలకు పాలనా మర్యాదలు నేర్పడానికి పెట్టిన బడి వేరు, ఒక మనిషి తాను నమ్మినదాన్ని జీవించి చూపి శిష్యులను కదిలించడం వేరు. మొదటిది న్యూయింగ్టన్‌లో చేరిన అందరికీ దొరికింది, రెండోది సూర్యారావుకు దొరికింది.

ఇక డబ్బు. 1802 శాశ్వత పరిష్కారంతో జమీందార్లు ప్రభుత్వానికి కట్టే పేష్కష్ స్థిరపడిపోయింది. రైతు కట్టే శిస్తు మాత్రం స్థిరంగా లేదు, పెరుగుతూ వచ్చింది. ఆ రెండింటి మధ్య మిగిలిందే జమీ ఆదాయం. రైతుకు భూమి మీద సాగుహక్కును చట్టం గట్టిగా గుర్తించడానికి 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం దాకా ఆగవలసి వచ్చింది. 1937లో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం నాయకత్వాన వేసిన కమిటీ, మరుసటి ఏడు ఇచ్చిన నివేదికలో భూమికి యజమాని రైతేనని, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమేనని తేల్చింది. జమీలు రద్దయింది 1948 చట్టంతో. ఈ లెక్కన కాకినాడ శరణాలయంలో అన్నం తిన్న ప్రతి పిల్లవాడికీ పిఠాపురం జమీలోని రైతులు పోషకులే. రైతులకు ఈ సంగతి తెలుసు. సూర్యారావు 1936లో పీపుల్స్ పార్టీ పెట్టి మరుసటి ఏడు ఎన్నికల్లో దిగితే ఆ పార్టీ నిలబడలేకపోయింది. అదే ఎన్నికల్లో బొబ్బిలి రాజా తన సొంతగడ్డ మీద వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు.

దీనికి వచ్చే అభ్యంతరం బలమైనదే. శిస్తు అందరు జమీందార్లూ వసూలు చేశారు, చాలామంది దాన్ని విలాసాలకు, వ్యాజ్యాలకు తగలేశారు, ఇచ్చినవాళ్లు కొందరే, కాబట్టి ఆ కొందరికి పేరు దక్కాలి గదా అంటారు. దక్కాలి. విలాసానికి పోగల డబ్బును శరణాలయానికి మళ్లించిన నిర్ణయం సూర్యారావుదే, ఆ మెప్పు ఆయనదే. నిర్ణయం ఒకరిది, సొమ్ము వేరొకరిది అని విడదీసి చెప్పడం వల్ల ఆ మెప్పుకు తరుగు రాదు. యూరప్‌లో ఇప్పుడు ఈ విడదీయడం బహిరంగంగానే జరుగుతోంది. లియొనోర్‌ను 2021లో వేల్స్‌లోని అట్లాంటిక్ కళాశాలకు పంపినప్పుడు, ఆ ఖర్చు తల్లిదండ్రులు సొంతంగా భరిస్తారని స్పెయిన్ రాజకుటుంబం ప్రకటించింది. నెదర్లాండ్స్ వారసురాలు అమాలియా తనకు 18 ఏళ్లు నిండితే ప్రభుత్వ భత్యం మొదలవుతుందని తెలిసి, రాజవిధులు చేపట్టనంత వరకు తన ఆదాయపు భాగాన్ని తిరిగి ఇచ్చేస్తానని 2021లోనే ప్రధానికి లేఖ రాసింది. వాళ్లు స్వతహాగా మన జమీందార్లకంటే ఉత్తములని నేననను. అక్కడ పార్లమెంటు ఉంది, పత్రికలున్నాయి, పన్ను కట్టేవాడు అడుగుతాడు. పిఠాపురం రైతుకు తన శిస్తు ఎటు పోయిందని అడిగే చోటు లేదు.

దానమంటే ఎవరి పక్షమూ లేని పుణ్యకార్యమన్న ఊహ కూడా నిలవదు. ట్రిప్లికేన్‌లో ఇప్పటికీ గోషా ఆసుపత్రి అని జనం పిలిచే కస్తూర్బా గాంధీ ఆసుపత్రిని చూడండి. డాక్టర్ మేరీ షార్లీబ్ చొరవతో 1885లో మొదలైంది, వెంకటగిరి రాజా విరాళంతో 1890లో చేపాక్‌లో సొంత గూటికి చేరింది. మగ వైద్యుల ముందుకు రాని గోషా స్త్రీలకు, కులం పట్టింపున్న ఇళ్ల ఆడవాళ్లకు అది ప్రాణం పోసింది. వాళ్లను కాన్పుల్లో చావకుండా కాపాడటానికి వాళ్ల కట్టుబాట్లను ఉన్నవున్నట్టే ఒప్పుకుంది. రఘుపతి కళాశాల అందుకు భిన్నంగా కట్టుబాటునే తోసిరాజంది. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇంకో ఉదాహరణ. 1911లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు, పిఠాపురం ధనం కలిస్తే తయారైన మహాకార్యం, మొదటి సంపుటం 1936లో వచ్చింది. తెలుగు చదివే ప్రతివాడూ దానికి రుణపడి ఉంటాడు. అదే సమయంలో ఆ పరిషత్తు గ్రాంథికభాషకు కోట, గిడుగు రామమూర్తి పోరాడుతున్న వాడుకభాషకు ప్రత్యర్థి. సంఘసంస్కరణలో అంత ముందున్న రాజా భాష విషయంలో పాతవైపు నిలిచారు. అందుకే దాతను మొత్తంగా మెచ్చుకోవడమో తీసిపారేయడమో కాక, దానాన్ని దానంగా తూచాలి. నా తూకంలో శరణాలయం, కళాశాల తలుపులు తెరవడం అన్నిటికంటే పైన నిలుస్తాయి.

ఈ చర్చ ఇప్పుడెందుకనే మాట కూడా వినిపిస్తుంది. 1964లో మొదలైన అంబత్తూరు పారిశ్రామికవాడకు ఇది పాత సంగతి కాదు. 2013 కంపెనీల చట్టం కింద, ఏడాదికి అయిదు కోట్ల నికర లాభమో, వెయ్యి కోట్ల టర్నోవరో, అయిదువందల కోట్ల నికర విలువో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఎంత, ఏ పనికి, ఎక్కడ ఖర్చు చేసిందీ వార్షిక నివేదికలో చూపాలి. పాఠశాల గోడ మీద కంపెనీ పేరు పడ్డా, ఆ లాభం లేతుల దగ్గర, ప్రెస్సుల దగ్గర నిలబడి పనిచేసినవాళ్ల చెమటలోంచి కూడా వచ్చిందని గుర్తుచేసుకునే వీలుంది, లెక్క అడిగే దారి కూడా ఉంది. జమీందారీ దానాలకు ఆ లెక్క ఎవరూ రాయలేదు. రాయడం ఇప్పుడైనా సాధ్యమే, జమీల, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ దస్త్రాల్లోకి వెళితే. ఆ కళాశాలలు, ఆసుపత్రులు శతజయంతి సంచికలు వేసేటప్పుడు దాత చిత్రపటం అచ్చువేసిన పుటకు ఎదుటి పుటలో, ఆ డబ్బు ఏ తాలూకాల శిస్తు నుంచి వచ్చిందో వెతికి అచ్చువేయాలి.