వారపు సంత – కుటుంబ సరుకుల ఖర్చు

ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబంలో ఆహారానికయ్యే ఖర్చు వాటా ఎక్కువగా ఉంటుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఏంగెల్ 1857లో సూత్రీకరించాడు. అందువల్ల అటువంటి కుటుంబానికి సరుకుల్లో మిగిలే పది రూపాయలు కూడా లెక్కకు వస్తాయి.

కొయ్యూరు వంటి ఏజెన్సీ మండలాన్నే తీసుకోండి. అక్కడ వారపు సంతలోనే అమ్మకం, కొనుగోలు రెండూ జరుగుతాయి. వేసవిలో చింతపండును బుట్టలకొద్దీ అమ్మి, వానాకాలంలో అదే చింతపండును ఎక్కువ ధరకు పొట్లాలుగా కొనే కుటుంబాలను మీరు చూసే ఉంటారు. ఏడాది వాడకానికి ఉంచుకుని మిగిలింది అమ్మడమే మొదటి పొదుపు.

సంతకు బయలుదేరే ముందు రేషన్ బియ్యాన్ని లెక్కలోంచి తీసివేయండి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోలో ధరలు తెలుసుకుంటే సంతలో బేరమాడడం సులువవుతుంది.

ఇక చిన్న పొట్లాల సంగతి. 50 గ్రాముల కారం పొట్లం 20 రూపాయలు, అరకిలో 150 రూపాయలు అనుకుందాం. కిలోకు లెక్క కడితే మొదటిది 400, రెండవది 300. వారానికి 100 గ్రాములు వాడే కుటుంబం 10 రూపాయలు అదనంగా చెల్లిస్తోందన్నమాట. ఇది అజ్ఞానం కాదు. చేతిలో ఒకేసారి 150 రూపాయలు లేకపోవడం. ఇరుగుపొరుగు ముగ్గురు కలిసి కొని పంచుకోవచ్చు.

అప్పు ఖాతాపై తెచ్చే సరుకుకు ధర అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అడగండి. నగదు ధరకూ దానికీ ఉన్న తేడాను నాలుగు వారాలు నోటుబుక్కులో రాసి కూడండి.