యాభై దాటాక పరుగు: షుగరు ఉన్నవారు తెలుసుకోవలసినవి



ఓ.పి. బయట బెంచీ మీద కూర్చున్నవారు ఈమధ్య మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టరమ్మా, డాక్టరుగారు నడవమన్నారు, నడుస్తున్నాను. మా అబ్బాయేమో పరుగెత్తమంటున్నాడు. నాకు యాభై ఆరేళ్ళు, షుగరు పన్నెండేళ్ళుగా ఉంది. పరుగెత్తవచ్చా?" ఒకప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు హైదరాబాదులో ఏటా ఆగస్టు నెలలో మారథాన్ జరుగుతోంది. విశాఖలో నేవీ వారి మారథాన్ ఉంది. 42 కిలోమీటర్ల పెద్ద పరుగుతోబాటు 21, 10, 5 కిలోమీటర్ల పరుగులు కూడా పెడుతున్నారు గనుక తల నెరిసినవారు కూడా ధైర్యం చేస్తున్నారు.

మా జవాబు ఇది: చాలామంది పరుగెత్తవచ్చు. కాని రేపు తెల్లవారుజాము నుండే మొదలుపెట్టకూడదు.

వయసు గురించి భయపడేవారికి ఫౌజా సింగ్ గారి సంగతి చెబుతుంటాం. జలంధర్ దగ్గరి పల్లెలో పుట్టిన ఈ సర్దార్జీ పాస్‌పోర్టులో పుట్టిన సంవత్సరం 1911. ఆయన మొదటి మారథాన్ 2000లో లండన్‌లో, 89 ఏళ్ళ వయసులో పరుగెత్తారు. 2025లో రోడ్డు ప్రమాదంలో చనిపోయేవరకు ఊళ్ళో నడుస్తూనే ఉన్నారు. షుగరు గురించి భయపడేవారికి వసీం అక్రమ్‌ను గుర్తు చేస్తాం. ఆయనకు 1997లో షుగరు బయటపడింది. ఇన్సులిన్ తీసుకుంటూనే 2003 వరకు ఫాస్ట్ బౌలింగ్ చేశాడు. అయితే వీరిద్దరూ మనలాంటివారు కారు. అక్రమ్ చిన్ననాటి నుండి ఆటగాడు. మన దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ముప్పై ఏళ్ళు కుర్చీలోనో, కుట్టుమిషను దగ్గరో, పొయ్యి దగ్గరో గడిపినవారు. అందుకే ఈ వ్యాసం.

పరుగు వలన షుగరు ఎలా తగ్గుతుందో ముందు అర్థం చేసుకోవాలి. మామూలుగా రక్తంలోని గ్లూకోజు కండరంలోకి పోవాలంటే ఇన్సులిన్ కావాలి. చాలామంది షుగరు రోగుల్లో ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పనిచేయదు. కాని కండరం కదులుతూ ఉన్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజును లాక్కుంటుంది. పరుగు ఆపిన తరువాత కూడా ఖర్చయిన నిల్వను తిరిగి నింపుకోవడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులదాకా లాక్కుంటూనే ఉంటుంది. ఈ ఒక్క సంగతిలోనే పరుగు మేలూ ఉంది, ప్రమాదమూ ఉంది.

మేలు ఎంతో మన దేశంలోనే లెక్క తేల్చారు. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం షుగరు సరిహద్దులో ఉన్న 531 మందిని మూడేళ్ళపాటు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సలహాతో వదిలేసినవారిలో నూటికి 55 మందికి షుగరు వ్యాధి వచ్చింది. తిండి మార్చుకుని, నడక అలవాటు చేసుకున్నవారిలో నూటికి 39 మందికే వచ్చింది. ఇది పరుగు కాదు, నడక. పరుగెత్తలేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదని చెప్పడానికే దీన్ని రాస్తున్నాం.

ఇక ప్రమాదం సంగతి. ఇది మా వార్డులో జరిగింది. ఆర్టీసీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, వయసు అరవై దాటింది. నడకతో మొదలుపెట్టి నాలుగైదు నెలల్లో 8 కిలోమీటర్లు పరుగెత్తే స్థితికి వచ్చారు. బరువు తగ్గింది, షుగరు తగ్గింది, అందరూ మెచ్చుకున్నారు. కాని మందుల చీటీ మాత్రం పాతదే. అందులో గ్లిమెపిరైడ్ మాత్ర ఉంది. ఒక రోజు పొద్దున లేవడం ఆలస్యమైంది. మాత్ర వేసుకుని, టిఫిను తిరిగి వచ్చాక తినవచ్చులే అనుకుని బయలుదేరారు. ఆరో కిలోమీటరు దగ్గర చెమటలు పట్టాయి. పరుగెత్తేవాడికి చెమట పట్టడం వింతేమీ కాదు గదా, పట్టించుకోలేదు. తరువాత కాళ్ళు తడబడ్డాయి, మాట ముద్దగా వచ్చింది. రోడ్డు పక్కన కూలబడితే చూసినవాళ్ళు పొద్దున్నే తాగాడనుకుని పక్కనుండి పోయారు. అరగంట తరువాత చర్చి కుర్రవాడొకడు గుర్తుపట్టి ఆటోలో తీసుకొచ్చాడు. గ్లూకోమీటరులో 34 వచ్చింది.

సూదిమందుగా గ్లూకోజు ఎక్కించగానే కళ్ళు తెరిచారు. వాళ్ళావిడ వెంటనే ఇంటికి తీసుకుపోతామన్నారు. డాక్టరుగారు పంపలేదు. గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది గనుక షుగరు ఒకసారి పెరిగినా మళ్ళీ పడిపోతుంది. నిజంగానే ఆ రాత్రి రెండు గంటలకు మళ్ళీ 58కి దిగింది. డ్యూటీలో ఉన్న సిస్టరు గంటగంటకూ వేలు పొడిచి చూస్తుండబట్టి తెలిసింది. ఇంట్లో నిద్రలో ఉంటే ఎవరు చూసేవారు?

మూడో రోజు డిశ్చార్జి సమయంలో ఆవిడ మా ఎదుటే, "ఇక ఈయన గడప దాటి పరుగెత్తితే నేను ఊరుకోను" అన్నారు. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. డాక్టరుగారు ఇద్దరినీ కూర్చోబెట్టి, మానవలసింది పరుగు కాదు, ఆ మాత్ర అని చెప్పి చీటీ మార్చి రాశారు. ఆవిడ ఒప్పుకోవడానికి నెల పట్టింది. ఇప్పుడు ఆయన జేబులో గ్లూకోజు పొట్లం, పేరు, ఫోను నంబరు, 'నాకు షుగరు ఉంది, తాగలేదు' అని రాసిన చీటీ ఉంటాయి. ఆ చివరి మాట ఆవిడ రాయించిందే.

కాబట్టి మొదటి పని మందులు తెలుసుకోవడం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి పరుగులో షుగరు పడిపోవడం అరుదు. పైన చెప్పిన మాత్రలు వాడేవారికి, ఇన్సులిన్ తీసుకునేవారికి ఆ భయం నిజమైనది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారిలో మూత్రం ఎక్కువగా పోతుంది గనుక ఎండలో ఒళ్ళు ఆరిపోతుంది. పొడవైన పరుగుల ముందు వాటి గురించి డాక్టరుగారిని తప్పక అడగాలి. బి.పి.కి అటెనొలాల్ వంటి మాత్రలు వాడేవారికి షుగరు పడిపోయినప్పుడు గుండె దడ, వణుకు తెలియకపోవచ్చు. ఏ మాత్రనూ సొంతంగా మానకండి, సొంతంగా తగ్గించకండి. చీటీ పట్టుకుని రండి.

ఇన్సులిన్ తీసుకునేవారు పరుగుకు ముందు తొడకు సూది వేసుకోకూడదు. కదిలే కండరం దగ్గర మందు తొందరగా రక్తంలో కలుస్తుంది. పొట్టకు వేసుకోవడం మేలు.

ఇన్సులిన్ గాని, ఆ మాత్రలు గాని వాడేవారు బయలుదేరేముందు వేలు పొడిచి చూసుకోవాలి. 90 కన్నా తక్కువ ఉంటే ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తిని కాసేపు ఆగి మళ్ళీ చూసుకోవాలి. 250 దాటి, ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ రోజు పరుగు వద్దు. ముందురోజు షుగరు బాగా పడిపోయి ఇతరుల సాయం కావలసి వచ్చినవారు కూడా ఆ రోజు ఇంట్లోనే ఉండాలి. దారిలో తేడాగా అనిపిస్తే, 'ఇంకో కిలోమీటరే గదా' అనుకోకుండా ఆగి మూడు చెంచాల గ్లూకోజు పొడి గాని పంచదార గాని నీళ్ళలో కలుపుకుని తాగాలి. పదిహేను నిమిషాలాగి చూసుకోవాలి. 70కి పైన రాకపోతే మళ్ళీ తాగాలి. చాక్లెట్టు, కోవా ఇందుకు పనికిరావు. వాటిలోని కొవ్వు వలన తీపి నెమ్మదిగా ఎక్కుతుంది. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు ఉన్నాయిగదా అని కొందరంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చేసిన లీటరు ఓ.ఆర్.ఎస్.లో గ్లూకోజు 13.5 గ్రాములే. దాహానికి అది మంచిదే, పడిపోయిన షుగరుకు చాలదు.

ఉపవాసం ఉన్న రోజు పరుగు పెట్టుకోకండి. శ్రమల దినాల్లో మా దగ్గరకు ఇలా వచ్చినవారున్నారు. ఉపవాసం మాటా డాక్టరుగారితో ముందుగానే చెప్పాలి.

పాదాల గురించి ఎంత చెప్పినా తక్కువే. షుగరు ఏళ్ళ తరబడి ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. బూటులో పప్పుగింజంత రాయి ఉన్నా తెలియదు. పది కిలోమీటర్లు దానిమీద పరుగెత్తి ఇంటికి వస్తారు, సాక్సుకు రక్తం చూసి ఆశ్చర్యపోతారు. అందుకని బూటు తొడిగేముందు చెయ్యి లోపల పెట్టి తడమండి. సాయంత్రం పూట, పాదాలు కొద్దిగా ఉబ్బి ఉన్నప్పుడే బూట్లు కొనండి, బొటనవేలి ముందు అరవేలు ఖాళీ ఉండాలి. తడిసిన సాక్సుతో ఉండకండి. రోజూ పడుకోబోయేముందు అరికాళ్ళు చూసుకోండి, వంగలేకపోతే అద్దం పెట్టుకోండి, లేదా మనవరాలిని చూడమనండి. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవడం, మెడికల్ షాపు ప్లాస్టర్లు అంటించడం వద్దు. అరికాలిలో పుండు ఉంటే మానేవరకు పరుగు లేదు.

మొదలుపెట్టేముందు కంటి వెనుక పొర చూపించుకోవాలి. అక్కడ కొత్త రక్తనాళాలు పెరిగినవారికి గట్టి పరుగు వలన కంటిలో రక్తస్రావం అయ్యే ప్రమాదముంది. గుండె పరీక్ష కూడా అవసరం. షుగరు ఉన్నవారికి గుండెజబ్బు ఒక్కోసారి నొప్పి లేకుండానే వస్తుంది. ఆయాసం, మామూలుకన్నా మించిన అలసట మాత్రమే కనిపించవచ్చు. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా కాదా అన్నది డాక్టరుగారు చూసి చెబుతారు.

తరువాత పద్ధతి సులువే. ఆరు నుండి ఎనిమిది వారాలు చురుకైన నడక. ఆపైన ఒక నిమిషం పరుగు, మూడు నిమిషాలు నడక. పక్కవారితో మాట్లాడగలిగినంత వేగం చాలు. మా దగ్గరకు వచ్చే ఒక అంగన్‌వాడీ టీచరు, యాభై మూడేళ్ళావిడ, ఇలాగే హైస్కూలు మైదానంలో మొదలుపెట్టారు. ఆవిడకు కష్టమైంది పరుగు కాదు, చీర వదిలి పంజాబీ డ్రెస్సులో బయటికి రావడం. మొదట్లో చీకట్లోనే వెళ్ళి వెలుతురు రాకముందే తిరిగి వచ్చేవారట. ఏడాదికి 10 కిలోమీటర్లు పూర్తి చేశారు, నడక కలుపుకుని గంటన్నర దాటింది. ఇప్పుడు ఆవిడ వెంట వీధిలోని మరో నలుగురు వస్తున్నారు, వెలుతురులోనే.

పొడవైన పరుగు ఉన్న రోజు రాత్రి పడుకోబోయేముందు మరోసారి షుగరు చూసుకోండి. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది గనుక మనవాళ్ళు శనివారం పెట్టుకుంటే అనుకూలం. మరో చిన్న మాట: మూత్రంలో ప్రోటీను పరీక్ష ఇవ్వవలసి ఉంటే ముందురోజు పరుగెత్తకండి. పరుగు తరువాత ఒక రోజు వరకు ప్రోటీను ఎక్కువగా కనిపిస్తుంది, అనవసరంగా కంగారు పడతారు.

మొదలుపెట్టాలనుకునేవారు మందుల చీటీ, షుగరు పుస్తకం, మీరు వేసుకోదలచిన బూట్లు తీసుకుని ఓ.పి.కి రండి. పాదాలు కడుక్కుని రండి, సిస్టర్లు చూస్తారు.