ఊరి దిబ్బను పిల్లలకు పరిచయం చేయండి

అనంతపురం, కర్నూలు, పాలమూరు ప్రాంతాల్లో కొన్ని ఊళ్ల పక్కన బూడిద దిబ్బలు కనిపిస్తాయి. ఎప్పుడో చచ్చిన రాక్షసుల బూడిదని పెద్దలు చెప్పేవారు. పొలానికి మంచి ఎరువని రైతులు బళ్ల కొద్దీ తోలుకుపోయారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో అలాంటి దిబ్బనే 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వించారు. అది కొత్త రాతియుగపు పశువుల దొడ్డి! పోగుపడిన పేడను అక్కడి మనుషులు మళ్లీ మళ్లీ కాల్చగా పెరిగిన దిబ్బ అది. పొరల మధ్య ఆనాటి పశువుల గిట్టల గుర్తులు కూడా చెక్కుచెదరకుండా దొరికాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన గుర్తులవి.

ఈ సంగతి ఎనిమిదో తరగతి పిల్లవాడికి చెప్పి చూడండి. మరోసారి ఆ దిబ్బ పక్కగా వెళ్తే వాడు తప్పకుండా ఆగుతాడు.

పురావస్తువుల గురించి పిల్లలకు ముందుగా చెప్పాల్సింది వాటి ధర కాదు, మట్టి పొరల సంగతి. కింది పొర పాతది, పైది కొత్తది. ఒక కుండపెంకు ఏ లోతులో, ఏ ఎముక పక్కన, ఏ పూస దగ్గర దొరికిందో తెలిస్తేనే అది మాట్లాడుతుంది. ఇంటికి తెచ్చి అల్మారాలో పెడితే వట్టి పెంకే. గుప్త నిధుల కోసం రాత్రిళ్లు పాత గుళ్లు తవ్వేవాళ్లు చేసే అసలు నష్టం ఇదే. వాళ్లకు బంగారం దొరికినా దొరక్కపోయినా పొరలు మాత్రం కలిసిపోతాయి. వాటిని మళ్లీ వేరుచేయడం ఎవరి తరమూ కాదు.

అమరావతి కథ కూడా చెప్పాలి, దాచకుండా. 1797లో బ్రిటిష్ అధికారి కోలిన్ మెకంజీ వెళ్లేనాటికే అక్కడి బౌద్ధ స్తూపం రాళ్లు కొత్త కట్టడాలకు తరలిపోతున్నాయి. 1816లో మళ్లీ వెళ్లి చూస్తే దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. మిగిలిన శిల్పాల్లో చాలావాటిని ఇవాళ చూడాలంటే చెన్నై మ్యూజియానికో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి.

పాఠం చెప్పి ఊరుకుంటే చాలదు, పిల్లల చేతికి పని ఇవ్వాలి. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున ఆదిమానవులు నిలబెట్టిన నిలువురాళ్లున్నాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. కొన్ని పదడుగులు దాటినవే. వాటి వరుసలు సూర్యుడి గమనానికి తగినట్టు ఉన్నాయనీ, ఒక రాతి మీది గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయనీ పరిశోధకులు గుర్తించారు. నిజమో కాదో పిల్లలే తేల్చుకోవచ్చు. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో అక్కడికి తీసుకెళ్లి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీడలు ఎటు పడుతున్నాయో గీయమంటే చాలు. అది చరిత్ర పాఠమూ అవుతుంది, ఖగోళ పాఠమూ అవుతుంది.

చట్టం కూడా వాళ్లకు తెలియాలి. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించినదాని చుట్టూ వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదు. ఆపైన మరో రెండు వందల మీటర్ల వరకు అనుమతి కావాలి. కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. నేలలో నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. చెలకలో పాత విగ్రహమో శాసనమో బయటపడితే కదిలించకుండా ఉన్నచోటే ఫొటో తీసి, పక్కన స్కేలో పెన్నో పెట్టి కొలత తెలిసేలా చూసి, తహసీల్దారుకు చెప్పాలి. శాసనాలకు సున్నం కొట్టడం, అక్షరాల్లో రంగు నింపడం భక్తితో చేసినా హానే.

ఏటా ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం, నవంబరు 19 నుంచి 25 దాకా వారసత్వ వారోత్సవం వస్తాయి. ఉపాధ్యాయులారా, ఈసారి ఆ రోజుల్లో గోల్కొండకో హంపికో బస్సు కట్టే ముందు మీ ఊరి చివర ఉన్న దిబ్బ దగ్గరికో, వీరగల్లు దగ్గరికో పిల్లల్ని నడిపించుకు వెళ్లండి. అదేమిటో ఊరి పెద్దల్ని అడిగి రాసుకురమ్మనండి.