నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ - పంపిణీ హక్కులు

నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ జార్జ్ ఎ. రొమేరో దర్శకత్వంలో 1968లో విడుదలైన అమెరికా భయానక చిత్రం. పిట్స్‌బర్గ్‌కు చెందిన ఇమేజ్ టెన్ సంస్థ దీనిని సుమారు 1,14,000 డాలర్ల వ్యయంతో నిర్మించింది. పెద్ద స్టూడియోల అండ లేని ఇటువంటి చిత్రాలు సాధారణంగా నిర్మాణం పూర్తయిన తరువాతే పంపిణీదారును వెదుక్కుంటాయి; కనుక బేరంలో కొనేవారిదే పైచేయి. కొలంబియా ఈ చిత్రాన్ని తిరస్కరించింది. అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ విషాదాంతాన్ని మార్చమని కోరగా నిర్మాతలు అంగీకరించలేదు. చివరకు వాల్టర్ రీడ్ ఆర్గనైజేషన్ పంపిణీకి ముందుకు వచ్చింది.

ఈ సంస్థ ముగింపును మార్చలేదు గాని, "నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్" అన్న పేరును మార్చింది. కాపీహక్కుల ప్రకటన పాత పేరు కనిపించే దృశ్యం మీదనే ఉండేది. కొత్త పేరు వేసినపుడు అది తొలగిపోయింది. నాటి అమెరికా చట్టం ప్రకారం ప్రకటన లేకుండా విడుదలైన కృతికి రక్షణ లేదు. అందువలన చిత్రం పబ్లిక్ డొమైన్‌లోకి చేరింది. టెలివిజన్ కేంద్రాలు, వీడియో క్యాసెట్ల వ్యాపారులు నిర్మాతలకు రుసుము చెల్లించకుండానే దీనిని వాడుకొన్నారు. చిత్రానికి అంత ఖ్యాతి రావడానికి ఈ ఉచిత ప్రచారం కూడా ఒక కారణమే. 1989 మార్చి 1 నుండి అమెరికాలో ఈ ప్రకటన తప్పనిసరి కాదు. అయితే ఆ సడలింపు పాత చిత్రాలకు వర్తించలేదు.