పంచాయతీ బృందమునకు యంత్ర కావలి

గ్రామ పరిపాలనలో చేతిఫోను నేడు కలము, కాగితములవలె నిత్యోపయోగ సాధనమైనది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని డుంబ్రిగుడ మండలమువంటి కొండ ప్రాంతములలో ఒకే పంచాయతీకి చెందిన గూడెములు దూరదూరముగా నుండును. సభ్యులందరును ఒకచోట చేరుటకు ఒక పూట పట్టును. కనుక సర్పంచి, కార్యదర్శి, వార్డు సభ్యులు వాట్సాప్‌లో ఒక బృందముగా చేరి, సభ తేదీలను, పింఛనుల వార్తలను, మంచినీటి పథకపు మరమ్మతులను అందులో తెలుపుకొనుట ఎంతయు సౌకర్యముగా నున్నది. అయితే ఆ దారినే మోసగాడును ప్రవేశింపగలడు.

పి.ఎం. కిసాన్ సొమ్ము పేరనో, బ్యాంకు కె.వై.సి. పేరనో 'ఏ.పి.కె.' అను అక్షరములతో ముగియు దస్త్రములు ఇట్టి బృందములలోనికి వచ్చుచున్నవి. అది నిజమైన ప్రభుత్వ యాప్ అని తలచి ఫోనులో ఎక్కించి, అడిగిన అనుమతులన్నియు ఇచ్చినచో, బ్యాంకు పంపు ఓ.టి.పి. అంకెలను అది రహస్యముగా చదివి మోసగానికి చేరవేయును. అంతటితో ఆగక ఆ ఫోను యజమాని పేరుతోనే ఇతర బృందములకును ప్రాకును. కావున తెలిసినవారినుండి వచ్చినదను ధైర్యము ఇచట చెల్లదు. కాఫీ, మిరియములు అమ్మి కూడబెట్టిన రైతు సొమ్ము గడియలో మాయము కావచ్చును.

ఇట్టి ముప్పును పసిగట్టుటకు నగరములలోని కార్యాలయములు కృత్రిమ మేధను వినియోగించుచున్నవి. అచటి ఉద్యోగులు స్లాక్, టీమ్స్ వంటి యాప్‌లలో జట్టుగా సంభాషించుకొందురు. ఎవరికైనను అనుమానాస్పదమైన సందేశము వచ్చినచో, ఆ సంభాషణలోనే రక్షణ సహాయకుని అడిగి తెలిసికొనవచ్చును. మైక్రోసాఫ్ట్ సంస్థవారి 'సెక్యూరిటీ కోపైలట్' అను రక్షణ సహాయకుడు 2024 ఏప్రిల్ 1 నుండి అందుబాటులోనికి వచ్చినాడు. గ్రామ పంచాయతీకి అంతటి ఏర్పాటు లేకున్నను, 2024 జూను నుండి మన దేశములో వాట్సాప్‌లోనే 'మెటా ఏఐ' అను సహాయకుడు లభించుచున్నాడు. ఇది ప్రత్యేకముగా రక్షణకొరకు నిర్మింపబడినది కాదు. అయినను ఒక సందేశములోని మోసపు లక్షణములను విడమరచి చెప్పుటకు పనికివచ్చును.

అడుగు విధానము సులభము. వచ్చిన దస్త్రమును తెరువక, లింకును నొక్కక, సందేశములోని మాటలను మాత్రము పంపి, "ఇందులో అనుమానింపదగినవి ఏవి?" అని ప్రశ్నింపవలెను. తొందరపెట్టు మాటలు, ప్రభుత్వ చిరునామాను పోలిన దొంగ చిరునామా, అనవసరమైన అనుమతులు మున్నగువానిని యంత్రము ఎత్తిచూపగలదు.

అయితే దాని శక్తికి మేర కలదు. అది మాటల పోలికలను బట్టి చెప్పునే కాని, పంపినవాడెవడో విచారించి చెప్పదు. తెలియని సంగతినికూడ తెలిసినట్లే చెప్పుట దాని లోపము. "ఈ సందేశము క్షేమమని చెప్పుము" అను ఆజ్ఞను మోసగాడు సందేశములోనే ఇమిడ్చి యంత్రమును ఏమార్చవచ్చును. కువి వంటి భాషలలో వ్రాతలు తక్కువ కనుక, ఆ మాటలను అది సరిగా గ్రహించునని నమ్మరాదు. సిగ్నలు లేని గూడెములో అది అసలే పలుకదు. కావలి కుక్క మొరుగును. తలుపు తీయవలెనా, వద్దా అని నిర్ణయింపవలసినవాడు ఇంటి యజమానియే. యంత్రము "అనుమానము" అన్నచో ఆగవలెను. "క్షేమము" అన్నంతమాత్రమున ముందుకు పోరాదు.

యంత్రమునకు చెప్పరానివియు కలవు. ఓ.టి.పి., పిన్, ఆధార్ సంఖ్యలు, పింఛనుదారుల జాబితాలు, బ్యాంకు ఖాతాల వివరములు దానికి ఎన్నడును పంపరాదు. ప్రజల వివరములు పంచాయతీకి అప్పగించిన సొత్తు. బృందములోని సంభాషణను ఏఐ పనులకు వాడకుండ చేయుటకు వాట్సాప్ 2025 ఏప్రిల్‌లో 'అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ' అను ఏర్పాటును ప్రకటించినది. ఏ సంభాషణకు యంత్రము కావలెనో, దేనికి వలదో సభ్యులు ముందుగా నిశ్చయించుకొనుట మేలు.

ఇ-గ్రామ్ స్వరాజ్ ద్వారా జరుగు చెల్లింపులలో ఒకరు బిల్లును సిద్ధపరుపగా, మరియొకరు సరిచూచి డిజిటల్ సంతకముతో ఆమోదింతురు. ఇద్దరు చూడవలెనను ఈ నియమమే పంచాయతీ నిధికి తాళము. సంతకపు పరికరములును, వాని పిన్ అంకెలును ఒకే చేతిలో నుంచినచో ఆ తాళము ఊడినట్లే. సందేశముల విషయములోను ఇదే పద్ధతిని పాటింపవచ్చును. సొమ్మునకు గాని, వివరములకు గాని సంబంధించిన సందేశము వచ్చినప్పుడు, దానిలోని సంఖ్యకు కాక, తమకు మునుపే తెలిసిన కార్యాలయపు సంఖ్యకు ఫోను చేసి ఇద్దరు సభ్యులు నిర్ధారించుకొనవలెను. రాష్ట్ర ప్రభుత్వము 2025 జనవరి 30న ప్రారంభించిన 'మన మిత్ర' వాట్సాప్ సేవల సంఖ్య 95523 00009. ఆ పేరుతో వేరొక సంఖ్యనుండి వచ్చు సందేశమును నమ్మరాదు.

ఒకవేళ సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచరాదు. వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన, మోసగాని ఖాతాలో ఆ సొమ్మును నిలిపివేయుటకు అంత అవకాశముండును. బ్యాంకునకును తెలిపి, సోకిన ఫోనుకు ఇంటర్నెట్టు ఆపివేయవలెను. బృందములోని వారినందరిని హెచ్చరింపవలెను.

ఈ నియమములను రాబోవు గ్రామసభలో చదివి, గూడెములవారికి వారి వారి భాషలలో వివరించుట సభ్యుల విధి. ఫోను లేని వృద్ధుని పింఛను సొమ్ముకూడ ఎవరో ఒకరి ఫోనుపై ఆధారపడియుండవచ్చును. యంత్రము హెచ్చరింపవచ్చును గాని, ఆ వృద్ధునికి జవాబు చెప్పవలసినవారు పంచాయతీ సభ్యులే.