నికాన్ ఎఫ్: కన్ను చూడలేని క్షణాన్ని పట్టి ఇచ్చిన కెమెరా

లెన్స్‌లోంచి వచ్చే దృశ్యాన్నే నేరుగా కంటికి చూపే కెమెరాలో ఒక విచిత్రం ఉంది. మీట నొక్కే వరకు ఛాయాగ్రాహకుడికి ఎదుటి దృశ్యమంతా స్పష్టంగా కనిపిస్తుంది. ఫిల్మ్‌పై వెలుతురు పడే ఆ లిప్తకాలంలో మాత్రం అతని కంటి ముందు చీకటి కమ్ముతుంది. అంటే చిత్రంలో నమోదయ్యే క్షణం, ఆ చిత్రాన్ని తీసిన వ్యక్తి తన కెమెరాలోంచి చూడలేని క్షణమన్నమాట.

డిజిటల్ కెమెరా వాడేవారికి ఇది పెద్ద లోటు కాదు. మరుక్షణమే వెనుకనున్న తెరపై చిత్రాన్ని చూసుకోవచ్చు. ఫిల్మ్ కాలంలో ఆ వెసులుబాటు లేదు. యుద్ధభూమిలోనైనా, ఎన్నికల సభలోనైనా, క్రీడా మైదానంలోనైనా తీసిన చిత్రం ఎలా వచ్చిందో చీకటి గదిలో ఫిల్మ్ కడిగిన తరువాతే తెలిసేది. అందుకు గంటలు, ఒక్కోసారి రోజులు పట్టేవి. పొరపాటు జరిగిందని తెలిసేసరికి ఆ సంఘటన గడిచిపోయి ఉండేది. అందుచేత వృత్తి ఛాయాగ్రాహకుడు తన కెమెరాను పూర్తిగా నమ్మగలగాలి. జపాన్‌కు చెందిన నిప్పాన్ కోగాకు సంస్థ 1959లో విడుదల చేసిన ‘నికాన్ ఎఫ్’ కెమెరా నిర్మాణాన్ని ఈ అవసరం నుంచే అర్థం చేసుకోవాలి. ఆ సంస్థే 1988లో నికాన్ కార్పొరేషన్‌గా పేరు మార్చుకున్నది.

అద్దం, పట్టకం, కన్ను

1950 దశకంలో పత్రికా ఛాయాగ్రాహకుల చేతుల్లో ఎక్కువగా కనిపించినవి రేంజ్‌ఫైండర్ కెమెరాలు. జర్మనీకి చెందిన లైకా వాటిలో ప్రసిద్ధమైనది. వీటిలో దృశ్యాన్ని చూసే కిటికీ వేరు, చిత్రాన్ని గ్రహించే లెన్స్ వేరు. రెండింటి మధ్య కొద్దిపాటి ఎడం ఉండటం వల్ల దగ్గరి వస్తువులను తీసేటప్పుడు కన్ను చూసినదానికీ ఫిల్మ్‌పై పడినదానికీ తేడా వచ్చేది. దూరాన ఉన్నవాటిని దగ్గరగా చూపే పొడవాటి లెన్స్‌లను వాడటమూ కష్టమయ్యేది.

సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్, క్లుప్తంగా ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, ఈ చిక్కును ఒక అద్దంతో పరిష్కరించింది. లెన్స్ వెనుక 45 డిగ్రీల వాలులో నిలిచిన అద్దం వెలుతురును పైకి మళ్లిస్తుంది. అక్కడ ఒక గరుకు గాజు పలకపై దృశ్యం ఏర్పడుతుంది. అయితే అద్దంలో పడిన ఆ దృశ్యంలో కుడి ఎడమలు తారుమారవుతాయి. గాజు పలకపై అమర్చిన పెంటాప్రిజం అనే పట్టకం వాటిని సరిచేసి, దృశ్యాన్ని ఉన్నది ఉన్నట్లుగా కంటికి చేరుస్తుంది.

ఇక్కడ ఒక సూక్ష్మమైన షరతు ఉంది. లెన్స్ నుంచి అద్దం మీదుగా గాజు పలకకు ఉన్న దూరమూ, లెన్స్ నుంచి ఫిల్మ్‌కు ఉన్న దూరమూ కచ్చితంగా సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కంటికి స్పష్టంగా కనిపించినది ఫిల్మ్‌పై మసకబారుతుంది. నికాన్ ఎఫ్‌లో లెన్స్ బిగించే వలయం నుంచి ఫిల్మ్ వరకు ఉన్న దూరం 46.5 మిల్లీమీటర్లు. ఆ కొలత తప్పకుండా ప్రతి కెమెరానూ తయారు చేయగలగడమే అసలైన పరీక్ష.

కొత్తదనం విడిభాగాల్లో కాదు, కూర్పులో

నికాన్ ఎఫ్‌లోని ముఖ్యమైన భావనలు చాలావరకు అంతకు ముందే ఉన్నాయి. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ వాడే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ‘కినే ఎక్సాక్టా’ 1936లోనే జర్మనీలో వెలువడింది. పెంటాప్రిజంతో కూడిన ‘కాంటాక్స్ ఎస్’ 1949లో వచ్చింది. చిత్రం తీయగానే అద్దం తనంతట తానే కిందికి దిగివచ్చే ఏర్పాటును జపాన్‌కు చెందిన అసాహి సంస్థ 1954లో తన కెమెరాలో ప్రవేశపెట్టింది.

మసాహికో ఫుకెతా నాయకత్వంలోని నిప్పాన్ కోగాకు ఇంజనీర్లు ఈ భావనలన్నింటినీ ఒకచోట చేర్చారు. తమ సంస్థ 1957లో తెచ్చిన ‘నికాన్ ఎస్‌పీ’ అనే రేంజ్‌ఫైండర్ కెమెరా యంత్ర నిర్మాణాన్ని ఆధారంగా తీసుకుని, దాని నడుమ అద్దపు పెట్టెను ఇమిడ్చారు. త్రికోణపు శిఖరంలా కనిపించే పట్టకపు కప్పుకు రూపమిచ్చినవారు యూసాకు కామెకురా. 1964 టోక్యో ఒలింపిక్స్ చిహ్నాన్ని రూపొందించినదీ ఆయనే.

ఒక్క నొక్కులో ఆరు పనులు

ఈ కెమెరా దేహంలో బ్యాటరీ లేదు. ఛాయాగ్రాహకుడు బొటనవేలితో పైనున్న మీటను ఒకసారి తిప్పగానే మూడు పనులు జరుగుతాయి. ఫిల్మ్ ఒక చిత్రం మేర ముందుకు జరుగుతుంది, షట్టర్ స్ప్రింగులు బిగుసుకుంటాయి, అద్దాన్ని కదిలించే స్ప్రింగు సిద్ధమవుతుంది. ఆ తరువాత జరిగే పనులన్నింటికీ చోదకశక్తి ఆ బొటనవేలిదే.

చిత్రం తీసే మీట నొక్కగానే ముందుగా లెన్స్‌లోని రంధ్రం నిర్ణయించిన మేరకు ముడుచుకుంటుంది. అద్దం పైకి లేస్తుంది. షట్టర్ మొదటి తెర పక్కకు జరిగి ఫిల్మ్‌ను వెలుతురుకు చూపుతుంది. రెండో తెర వెంట వచ్చి మూసేస్తుంది. అద్దం కిందికి దిగుతుంది. లెన్స్ రంధ్రం మళ్లీ పూర్తిగా తెరుచుకుంటుంది. వేగంగా తీసిన చిత్రానికి ఈ ఆరు పనులూ కంటిరెప్ప పాటులో ముగుస్తాయి. వాటిలో ఒక్కటి వరుస తప్పినా చిత్రం పాడవుతుంది.

షట్టర్ పనితీరు మరింత ఆసక్తికరం. సెకనులో 60వ వంతు వరకు ఫిల్మ్ చట్రమంతా ఒకేసారి తెరుచుకుంటుంది. అంతకన్నా వేగంగా తీయాలంటే తెరలను ఇంకా వేగంగా పరుగెత్తించరు. మొదటి తెర గమ్యం చేరకముందే రెండో తెర బయలుదేరుతుంది. రెండింటి మధ్య మిగిలే సన్నని చీలిక ఫిల్మ్ వెడల్పు పొడవునా ప్రయాణిస్తుంది. గరిష్ఠ వేగమైన సెకనులో 1000వ వంతు వద్ద ఆ చీలిక వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. ఫ్లాష్ దీపం వాడినప్పుడు వేగం 60వ వంతును మించకూడదన్న నియమానికి కారణమిదే. ఫ్లాష్ వెలిగే క్షణంలో చట్రమంతా తెరిచి లేకపోతే, చిత్రంలో ఒక పట్టీ మాత్రమే వెలుగుతుంది.

ఆ కాలంలోని చాలా కెమెరాలలో షట్టర్ తెరలు రబ్బరు పూసిన బట్టతో ఉండేవి. చలికి బిగుసుకోవడం, వయసు పెరిగేకొద్దీ చిల్లులు పడటం వాటి బలహీనతలు. తొలి కొద్దిపాటి కెమెరాలను మినహాయిస్తే, నికాన్ ఎఫ్‌కు పలుచని టైటానియం రేకులను అమర్చారు. తేలికగా ఉంటూ తుప్పు పట్టని లోహమది.

విడదీయగలగడమే బలం

కన్ను పెట్టి చూసే కిటికీలో కనిపించినంతా, అంటే నూటికి నూరు శాతం, ఫిల్మ్‌పై పడేలా ఈ కెమెరాను తీర్చిదిద్దారు. చూడని వస్తువు చిత్రం అంచున చొరబడదు. పట్టకాన్ని తీసి, నడుము వద్ద పట్టుకుని పైనుంచి చూసే మూతను పెట్టవచ్చు. గాజు పలకను పనికి తగినట్లు మార్చవచ్చు. వెనుక తలుపును పూర్తిగా తీసి, సెకనుకు మూడు చిత్రాల వరకు తీయగల ఎఫ్-36 మోటారును బిగించవచ్చు. 250 చిత్రాలకు సరిపడే పొడవైన ఫిల్మ్‌ను ఇముడ్చుకునే వెనుకభాగం కూడా వచ్చింది.

1962లో వెలుతురును కొలిచే ‘ఫొటోమిక్’ పట్టకం వచ్చినప్పుడు, అంతకు మూడేళ్ల కిందట కెమెరా కొన్నవారు కొత్త కెమెరా కొననవసరం లేకపోయింది. పాత దేహంపై పైభాగం మార్చుకుంటే చాలు.

లోపాలు లేకపోలేదు. ఫిల్మ్ మార్చాలంటే వెనుక తలుపు ఊడి చేతికి వచ్చేది. హడావిడిలో దాన్ని పట్టుకోవడానికి మూడో చేయి కావలసి వచ్చేది. చిత్రం తీసే మీట చూపుడువేలికి కాస్త వెనుకగా ఉండేది. 1971లో వచ్చిన ‘ఎఫ్2’ కీలుపై తెరుచుకునే తలుపుతో, సెకనులో 2000వ వంతు వేగంతో ఈ కొరతలను తీర్చింది. 1980 నాటి ‘ఎఫ్3’ షట్టర్ నియంత్రణను ఎలక్ట్రానిక్ పరికరాలకు అప్పగించింది. అయినా బ్యాటరీ అయిపోతే పనికివచ్చేలా సుమారు 60వ వంతు వద్ద ఒక యాంత్రిక వేగాన్ని అట్టేపెట్టారు.

యుద్ధభూమి నుంచి చంద్రుని కక్ష్య వరకు

ఈ సంస్థ లెన్స్‌ల ఖ్యాతి అంతకు ముందే మొదలైంది. 1950లో కొరియా యుద్ధాన్ని చిత్రించిన ‘లైఫ్’ పత్రిక ఛాయాగ్రాహకుడు డేవిడ్ డగ్లస్ డంకన్ ఆ లెన్స్‌లను వాడటంతో పాశ్చాత్య పత్రికల దృష్టి వాటిపై పడింది. వియత్నాం యుద్ధకాలానికి నికాన్ ఎఫ్ పత్రికా ఛాయాగ్రాహకుల మెడలో సాధారణ దృశ్యమైంది. కంబోడియాలో బ్రిటిష్ ఛాయాగ్రాహకుడు డాన్ మెకల్లిన్‌కు తగలవలసిన తుపాకీ గుండు ఆయన నికాన్ ఎఫ్‌లో దిగబడింది. 1971లో నాసా కోసం ప్రత్యేకంగా మార్పులు చేసిన నికాన్ ఫొటోమిక్ ఎఫ్‌టీఎన్ కెమెరా అపోలో 15 వ్యోమగాములతో చంద్రయాత్ర చేసింది.

భారతదేశంలో దిగుమతి సుంకాల వల్ల ఇలాంటి కెమెరా చాలామందికి అందని ద్రాక్షగానే ఉండేది. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారు చేసిన ‘ఇందు’ ఫిల్మ్ మాత్రం దేశమంతటి స్టూడియోలకు, పత్రికలకు పరిచితం. తెలుగు దినపత్రికల్లోనూ డిజిటల్ కెమెరాలు వచ్చేవరకు జిల్లాల నుంచి ఫిల్మ్ చుట్టలు బస్సుల్లో నగరాలకు చేరేవి. కడిగితే గాని ఫలితం తేలని ఆ నిరీక్షణ ఇక్కడి ఛాయాగ్రాహకులకూ అనుభవమే.

అరవై ఏళ్ల తరువాత

1973లో నికాన్ ఎఫ్ తయారీ ఆగిపోయింది. అప్పటికి ఎనిమిది లక్షలకు పైగా కెమెరాలు వెలువడ్డాయి. వాటిలో చాలా వరకు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. కాలం వాటిపై వేసిన ముద్ర గమనించదగినది. ఫొటోమిక్ పట్టకాల్లోని విద్యుత్ భాగాలు అనేకం పనిచేయడం మానేశాయి. వాటికి కావలసిన పాదరసం బ్యాటరీల తయారీ పర్యావరణ కారణాలతో నిలిచిపోయింది. కానీ ఆ పట్టకాన్ని తీసి సాదా పట్టకం పెడితే కెమెరా మళ్లీ సిద్ధం. విడదీయగలిగేలా చేసిన నిర్మాణం ఇలా దాని ఆయుష్షునూ పెంచింది.

వెలుతురును కొలవడానికి పాత సూత్రమొకటి చాలు. మంచి ఎండలో లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/16 వద్ద ఉంచి, ఫిల్మ్ ఐఎస్ఓ అంకెకు దగ్గరి షట్టర్ వేగాన్ని ఎంచుకోవాలి. ఐఎస్ఓ 100 ఫిల్మ్ అయితే సెకనులో 125వ వంతు సరిపోతుంది.

ఇలాంటి కెమెరాను కొనదలచినవారు ముందుగా షట్టర్ తెరలపై ముడతలు, చిల్లులు ఉన్నాయేమో చూడాలి. ఒక సెకను వేగం వద్ద మీట నొక్కి గడియారంతో పోల్చాలి. లోపలి నూనె గట్టిపడితే ముందుగా మొరాయించేవి ఇలాంటి నెమ్మది వేగాలే. శుభ్రం చేసి కొత్త నూనె పెడితే సాధారణంగా ఇది నయమయ్యే జబ్బే. కాలిపోయిన సర్క్యూట్‌కు ప్రత్యామ్నాయం దొరకకపోతే ఎలక్ట్రానిక్ కెమెరా మూలన పడుతుంది. పళ్లచక్రాన్ని, స్ప్రింగును మాత్రం చేయి తిరిగిన పనివాడు విప్పి, సరిచేసి, తిరిగి బిగించగలడు.

అయితే అలాంటి పనివారు నానాటికీ తగ్గిపోతున్నారు. ఒక స్ప్రింగు ఎంత బిగువున ఉండాలో, ఒక తెర ఎంత వేగంగా పరుగెత్తాలో తెలిసిన చేతులు ఉన్నంతకాలం ఈ యంత్రం పనిచేస్తుంది. ఆ విద్య తరువాతి తరానికి అందకపోతే, నికాన్ ఎఫ్ అద్దాల బీరువాలో ప్రదర్శన వస్తువుగా మిగిలిపోతుంది.