డబ్బు పిల్లవాడి వెంటా, ఊరి బడి వెంటా?

అమెరికా రాజకీయం అనగానే మన దృష్టి వాషింగ్టన్ మీదికే పోతుంది. కానీ అక్కడి కన్జర్వేటివ్ మనసు ఎలా ఆలోచిస్తుందో తెలియాలంటే టెక్సాస్‌లో బడుల మీద నడిచిన పోరును చూడాలి. అందులో రెండు వైపులా కన్జర్వేటివ్‌లే ఉన్నారు. నేనూ ఆ భావాలున్నవాణ్నే. వాళ్లిద్దరి వాదనల్లో ఏ ఒక్కదాన్నీ తేలిగ్గా కొట్టిపారేయలేను.

ముందు డబ్బు సంగతి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ప్రభుత్వ బడులు ముఖ్యంగా రాష్ట్రం ఇచ్చే నిధులతోనూ, ఇళ్లూ స్థలాల మీద వేసే ప్రాపర్టీ ట్యాక్స్‌తోనూ నడుస్తాయి. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లున్న మనవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. వసంతకాలంలో అప్రైజల్ నోటీసు వస్తుంది. ఇంటి విలువ ఎక్కువ కట్టారనిపిస్తే సాధారణంగా మే 15లోగా ప్రొటెస్ట్ చేయాలి. పక్క వీధిలో ఇళ్లు ఎంతకు అమ్ముడుపోయాయో, మన ఇంటి పైకప్పు వడగళ్లకు ఎంత దెబ్బతిన్నదో కాగితాలతో, ఫొటోలతో చూపించాలి. చివరికి బిల్లు వచ్చాక చూస్తే కౌంటీ, సిటీ వాటాల కంటే స్కూల్ డిస్ట్రిక్టు వాటాయే పెద్దది.

అలా బిల్లు కట్టే కుటుంబం ఇల్లు వెతికేటప్పుడు అన్నిటికంటే ముందు చూసింది స్కూలు రేటింగే. నచ్చిన బడి పరిధిలో ఇల్లు దొరికితే ధర ఎక్కువైనా వెనుకాడలేదు. అంటే మంచి బడిని వాళ్లు ఇంటి ధరలోనే కొనుక్కున్నారు. ఆ స్తోమత లేని కుటుంబంలోని పిల్లవాడు సాధారణంగా తన అడ్రసుకు ఏ బడి వస్తే ఆ బడికే పోవాలి. బడి బాగాలేదని ఆ తల్లికి తెలిసినా చేయగలిగింది తక్కువ. ఉన్నవాళ్లకు దొరికే ఎంపిక లేనివాళ్లకు ఎందుకు దొరకకూడదన్నది కన్జర్వేటివ్‌ల మొదటి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే.

దీని వెనుక ఇంకో పాత నమ్మకం ఉంది. 1922లో ఆరెగాన్ రాష్ట్రం పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలని చట్టం చేసింది. కాథలిక్ బడులను మూయించాలన్న కక్ష దాని వెనుక బలంగా పనిచేసింది. తెల్లజాతి ఆధిపత్య సంస్థ కూ క్లక్స్ క్లాన్ ఆ చట్టాన్ని గట్టిగా సమర్థించింది. 1925లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని కొట్టేసింది. బిడ్డను ఎలా పెంచాలి, ఎక్కడ చదివించాలి అన్న నిర్ణయం తల్లిదండ్రులదనీ, పిల్లలు ప్రభుత్వం సొత్తు కారనీ ఆ తీర్పు సారం. వందేళ్లు గడిచినా కన్జర్వేటివ్‌లు ఈ తీర్పును గుర్తుచేస్తూనే ఉంటారు. బిడ్డ గురించి ముందు తల్లిదండ్రులు, తర్వాత ఊరు, ఆ తర్వాత రాష్ట్రం, అందరికంటే చివర వాషింగ్టన్ నిర్ణయించాలి. నా రాజకీయం మొత్తం ఈ వరుస మీదే నిలబడింది.

ప్రభుత్వం బడికి కాకుండా కుటుంబానికి డబ్బివ్వాలని ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లో వాదించారు. దాన్నే వోచర్ పద్ధతి అంటున్నాం. అది 1990లో మిల్వాకీ నగరంలో పేద పిల్లల కోసం మొదలైంది. అక్కడ దానికోసం పోరాడిన అనెట్ పాలీ విలియమ్స్ నల్లజాతి మహిళ, డెమొక్రాటిక్ పార్టీ శాసనసభ్యురాలు. సంతకం చేసింది రిపబ్లికన్ గవర్నర్ టామీ థాంప్సన్. వోచర్‌తో మతసంస్థల బడికి వెళ్లినా రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2002లో క్లీవ్‌లాండ్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది.

ఈ చరిత్రలో ఒక చీకటి పుట కూడా ఉంది, దాన్ని దాటేసి మాట్లాడడం తప్పు. వర్ణవివక్ష బడులు చెల్లవని 1954లో తీర్పు వచ్చాక, వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులనే మూసేసింది. తెల్లపిల్లలు ప్రైవేటు బడికి వెళ్లారు, దానికి ప్రభుత్వ డబ్బు సాయం కూడా అందింది. నల్లపిల్లల్లో చాలామందికి ఆ ఐదేళ్లూ చదువే లేకుండా పోయింది. ఎంపిక మంచిదే. కానీ దాన్ని ఎవరిని గెంటడానికి వాడుతున్నారో కూడా చూడాలని ఆ ఐదేళ్లు చెబుతున్నాయి. వోచర్ల మీద నల్లజాతి నాయకుల్లో కొందరికి ఇప్పటికీ ఉన్న అనుమానం ఊరికే పుట్టింది కాదు.

ఇక టెక్సాస్. గవర్నర్ గ్రెగ్ అబాట్ 2023లో వోచర్ పథకం కోసం శాసనసభను మళ్లీ మళ్లీ ప్రత్యేకంగా సమావేశపరిచారు. ఆ నవంబరులో ప్రతినిధుల సభ 84-63 ఓట్లతో వోచర్లను బిల్లులోంచి తీసేసింది. డెమొక్రాట్లతో కలిసి ఓటేసినవారిలో 21 మంది రిపబ్లికన్లున్నారు. చాలావరకు గ్రామీణ ప్రాంతాల నుంచి గెలిచినవారు. గర్భస్రావం, తుపాకులు, పన్నులు, సరిహద్దు ఏ విషయం తీసుకున్నా వాళ్ల కన్జర్వేటివ్ నిబద్ధతను ఎవరూ ప్రశ్నించలేరు. మరి ఎందుకు ఎదురు తిరిగారు?

పశ్చిమ టెక్సాస్‌లో ఒక చిన్న ఊరిని ఊహించుకోండి. పత్తి చేలు, ఒక డాలర్ స్టోరు, రెండు మూడు చర్చిలు, ఒక బడి. ఊళ్లో ఎక్కువమందికి జీతమిచ్చేది ఆ బడే: టీచర్లు, బస్సు డ్రైవర్లు, క్యాంటీన్‌లో వండేవాళ్లు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది. తాత ఆడిన మైదానంలోనే మనవడూ ఆడతాడు. స్కూల్ బోర్డులో కూర్చునేవాళ్లకు జీతం లేదు. ఒకరు రైతు, ఒకరు నర్సు, ఇంకొకరు మెకానిక్ కావచ్చు. ఇలాంటి చాలా కౌంటీల్లో ప్రైవేటు బడి ఒక్కటీ లేదు. వోచర్ చేతికొచ్చినా దాంతో వెళ్లడానికి ఇంకో బడే ఉండదు. పైగా టెక్సాస్‌లో నిధులు రోజువారీ హాజరును బట్టి వస్తాయి. పదిమంది పిల్లలు ఇంటి చదువుకో ఆన్‌లైన్ చదువుకో మళ్లితే వాళ్ల డబ్బూ పోతుంది, కానీ బస్సు తిరిగే దూరం తగ్గదు, కరెంటు బిల్లూ తగ్గదు.

ఊరిని నిలబెట్టిన వ్యవస్థను కాపాడుకోవడమే కన్జర్వేటివ్ పని అయితే, ఆ 21 మంది చేసింది అదే. అయినా వాళ్లకు శిక్ష తప్పలేదు. పెన్సిల్వేనియా పెట్టుబడిదారు జెఫ్ యాస్ అబాట్‌కు 60 లక్షల డాలర్ల విరాళమిచ్చారు. పార్టీ అభ్యర్థులను ఎంచుకునే 2024 ప్రైమరీ ఎన్నికల్లో గవర్నర్ సొంత పార్టీ సభ్యుల మీదే ప్రచారానికి దిగారు. పలువురు ఓడిపోయారు. పరాయి రాష్ట్రం సొమ్ముతో ఒక ఊరి ప్రతినిధిని దించడం నాకు ఏ కోణంలోనూ కన్జర్వేటివ్ పనిగా కనిపించదు. వాషింగ్టన్ చేస్తే మేం తప్పుపట్టే పనే అది.

2025 మేలో అబాట్ చట్టం మీద సంతకం చేశారు. వంద కోట్ల డాలర్లు కేటాయించారు. ప్రైవేటు బడికి వెళ్లే ఒక్కో విద్యార్థికి సుమారు 10 వేల డాలర్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు గరిష్ఠంగా 30 వేలు, ఇంట్లో చదివేవారికి 2 వేల దాకా ఇస్తారు. 2026-27 విద్యా సంవత్సరం నుంచి అమలు. దరఖాస్తులు ఎక్కువైతే వైకల్యమున్న పిల్లలకూ, తక్కువ ఆదాయ కుటుంబాలకూ ముందు అవకాశమివ్వాలన్న నిబంధన పెట్టారు. ఈ చట్టంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ నిబంధనే. 2022లో అందరికీ తలుపు తెరిచిన అరిజోనాలో మొదట దరఖాస్తు చేసినవాళ్లలో అత్యధికులు అప్పటికే ప్రభుత్వ బడి బయట ఉన్న పిల్లలే. ఎలాగూ ఫీజు కట్టుకోగలిగిన ఇంటికి ప్రభుత్వ డబ్బు పంపడం పొదుపు కాదు, పేదవాడికి ఎంపికా కాదు.

నా తీర్పు ఇది. తల్లిదండ్రుల హక్కు ముందు, కాబట్టి వోచర్ ఉండాలి. కానీ అది ఇరుక్కుపోయిన పిల్లవాడికి ముందు చేరాలి. ఆ డబ్బు తీసుకునే ప్రైవేటు బడి పిల్లలు ఎంత నేర్చుకుంటున్నారో ప్రజలకు లెక్క చెప్పాలి. పల్లె బడికి హాజరు తగ్గినా కొన్నేళ్లపాటు నిధులు కోతపడకుండా రాష్ట్రం హామీ ఇవ్వాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఆ పథకానికి నా మద్దతు ఉండదు.

టెక్సాస్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మనవి. చాలా డిస్ట్రిక్టుల్లో స్కూల్ బోర్డు ఎన్నికలు మే నెల మొదటి శనివారం జరుగుతాయి. ఓటేసేవాళ్లు చాలా తక్కువ, కొద్దిపాటి ఓట్లతోనే ఫలితం మారిపోతుంది. పౌరసత్వం ఉన్నవాళ్లు తప్పక వెళ్లి ఓటేయండి. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు కూడా బోర్డు సమావేశానికి వెళ్లండి. అక్కడ పేరు నమోదు చేసుకుంటే మీకూ మాట్లాడే అవకాశముంటుంది.